ఓరుగల్లు చరిత్ర ధారావాహిక: రాక్షస గుళ్ళ నుంచి బొందలగడ్డ దాకా

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని దామరవాయి దగ్గర, అడవిలోని గుట్ట మీద ఇసుకరాతి పలకలతో కట్టిన సమాధులు వందకు పైగా ఉన్నాయి. 2016 దాకా ఈ ప్రాంతమంతా వరంగల్ జిల్లాలోదే. ఇంతింత బండలను మనుషులు ఎలా ఎత్తి నిలిపారో ఊహకందక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వీటిని రాక్షస గుళ్ళు అన్నారు. తెలంగాణలో కొన్నిచోట్ల పాండవుల గుళ్ళన్న పేరు కూడా ఉంది. కాకతీయుల రాతికోట కన్నా ఇవి తక్కువలో తక్కువ వెయ్యేళ్ళు పాతవి. ఓరుగల్లు నేల మీద రాతితో కట్టి నేటికీ నిలిచిన వాటిలో ఇంత పాతవి మరి లేవు. అంటే ఇక్కడి మనిషి రాతి కట్టడం మొదలుపెట్టింది పోయినవాళ్ళ కోసమే.

వాటిలో ఒకదాన్ని దగ్గరగా చూస్తే కట్టిన తీరు తెలుస్తుంది. నాలుగు పలకలను అంచుల మీద నిలబెట్టి చిన్న గదిలా అమర్చారు. పైన ఆ గది కన్నా పెద్ద బండను కప్పుగా వేశారు. ఆ బండ నాలుగు పక్కలా చూరులాగా ముందుకు వచ్చి ఉంటుంది. కొన్నింటిలో లోపల నేల మీద ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి కనిపిస్తుంది. మృతుల ఎముకలను ఆ తొట్టిలో పెట్టేవారు. గది చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేర్చి హద్దు కట్టడం కూడా ఉంది. గోదావరికి అటూ ఇటూ ఉన్న ఇసుకరాతి గుట్టల్లో ఇలాంటివి చాలాచోట్ల కనిపిస్తాయి. ఖమ్మం వైపు జానంపేట దగ్గరున్న సమాధుల్లోనూ రాతి తొట్లు దొరికాయి. ఇసుకరాయి పలకలు పలకలుగా విడిపోతుంది కాబట్టి ఇక్కడ గదులు కట్టడం సాధ్యమైంది. నల్లరాయి ఎక్కువగా ఉన్న పడమటి తెలంగాణలో గుంత తవ్వి, పైన రాళ్ళు కుప్పపోసి, చుట్టూ గుండ్లతో వలయం పేర్చే పద్ధతి ఎక్కువ. ఏ రాయి దొరికితే ఆ రాయికి తగిన సమాధి.

చరిత్రకారులు ఈ కాలాన్ని బృహత్ శిలాయుగం అంటారు. పేరులో శిల ఉన్నా ఇది ఇనుప యుగమే. దక్షిణ భారతంలో సుమారు క్రీ.పూ. 1000 నుంచి క్రీ.శ. తొలి శతాబ్దాల దాకా ఈ సమాధుల సంప్రదాయం సాగింది. ఇనుప కత్తులు, బాకులు, గొడ్డళ్ళు, కొడవళ్ళు, బల్లెం మొనలు, కొన్నిచోట్ల గుర్రపు కళ్ళేలు కూడా ఈ సమాధుల్లో దొరికాయి. వాటితోపాటు లోపల నలుపు, బయట ఎరుపుగా ఉండే కుండలు ఉంటాయి. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక ఆ భాగం నల్లబడుతుంది, మంట, గాలి తగిలే బయటి భాగం ఎర్రబడుతుంది. ఆ రెండు రంగుల కుండ ఎక్కడ కనిపించినా తవ్వేవాడికి తాను ఏ కాలంలో ఉన్నాడో అర్థమవుతుంది. పోయినవాళ్ళకు కుండల్లో తిండి, నీళ్ళు, చేతికి పనిముట్టు, మెడకు పూసలు పెట్టి పంపారు. చావుతో మనిషి అయిపోడన్న నమ్మకానికి ఈ నేల మీద ఇంతకన్నా పాత సాక్ష్యం వెతకడం కష్టం.

ఈ సమాధుల్లో చాలావాటిలో నిండు శవం ఉండదు. ముందు శవాన్ని ఆరుబయటో మరోచోటో ఉంచి, మాంసం పోయాక మిగిలిన ఎముకలను ఏరి తెచ్చి పెట్టేవారు. ఒక్కో సమాధిలో ఒకరికన్నా ఎక్కువ మంది ఎముకలు దొరకడానికి ఇదీ ఒక కారణం. అంటే చావు ఒక్కరోజుతో ముగిసే తంతు కాదు. బండలు తేవాలి, మనుషులను కూడగట్టాలి, వచ్చినవాళ్ళకు తిండి పెట్టాలి. సిద్దిపేట జిల్లా నంగునూరు మండలంలోని నర్మెట్టలో 2017లో పురావస్తు శాఖ తవ్వినప్పుడు ఒక సమాధి కప్పుబండ 40 టన్నుల దాకా ఉంటుందని అంచనా వేశారు. దాన్ని క్రేన్లతో ఎత్తాల్సి వచ్చింది. అంత బండను క్రేన్ లేని రోజుల్లో మోకులతో, దుంగలతో, మట్టికట్ట మీదుగా ఈడ్చుకొచ్చారంటే వందల చేతులు ఒక్కమాట మీద పనిచేసి ఉండాలి. అలా పిలిస్తే వచ్చే జనం ఉన్నవాడికే అలాంటి సమాధి దక్కుతుంది. ఊరందరికీ దక్కినట్టు లేదు. ఎన్నో తరాలు బతికిన ప్రాంతంలో సమాధులు వందల్లోనే ఉన్నాయి. తక్కినవాళ్ళు గుర్తు లేకుండా మట్టిలో కలిసిపోయారు. శ్మశానంలో అందరూ సమానమన్న మాట ఈ నేల మీద మొదటి శ్మశానాల దగ్గరే చెల్లలేదు.

సమాధులకు ఎంచుకున్న చోట్లలోనూ ఒక లెక్క ఉంది. నాగలి దిగని రాతి నేల, గుట్ట అడుగు, దగ్గర్లో వాగో చెరువో. పంట పండే నేలను బతికినవాళ్ళకు విడిచి, పండని నేలను పోయినవాళ్ళకు ఇచ్చారు. పల్లెల్లో శ్మశానాలకు ఇప్పటికీ వాగు ఒడ్డు, చెరువు అంచు, రాతి గడ్డలే కేటాయిస్తున్నారు. అందువల్ల మరో మేలు జరిగింది. దున్నని నేల కాబట్టి సమాధులు మిగిలాయి. వాటిని కట్టినవాళ్ళ ఇళ్ళు మట్టివీ కర్రవీ కావడంతో చాలావరకు ఆనవాలు లేకుండా పోయాయి. ఆ మనుషుల గురించి మనకు తెలిసినదంతా దాదాపుగా వాళ్ళ చావు ద్వారానే తెలిసింది.

ఈ సమాధుల మీద పరిశోధన మొదలై నూటయాభై ఏళ్ళు దాటింది. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1850లలో షోరాపూర్ ప్రాంతంలోని సమాధులను తవ్వి, కొలిచి, బొమ్మలు గీసి వివరంగా రాశాడు. గోదావరి పక్కన కాటాపూర్, మల్లూరు దగ్గర సిలువ ఆకారంలో నిలబెట్టిన రాళ్ళు 1860లలో సర్వే అధికారుల కంటపడ్డాయి. జేమ్స్ ఫెర్గుసన్ 1872లో అచ్చయిన తన పుస్తకంలో వాటిని చర్చించాడు. ఆకారం చూసి క్రైస్తవ సంబంధం ఉందేమోనన్న ఆలోచన అప్పట్లో గట్టిగా నడిచింది. అవి చేతులు చాచిన మనిషి రూపాలని తర్వాతి పరిశోధకులు తేల్చారు. కొన్నింటికి స్తనాలు కూడా చెక్కి ఉండడం ఇందుకు తోడ్పడింది. సమాధి పక్కన నిలబెట్టిన ఆ రాతి మనిషి పోయినవాడో, పూర్వీకుడో, తల్లి దేవతో చెప్పే రాత ఏదీ లేదు.

1914లో హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ ఏర్పడి గులాం యజ్దానీ దానికి తొలి అధిపతి అయ్యాక ఈ పనికి ఊపు వచ్చింది. నిజాం రైల్వే వైద్యుడు డాక్టర్ ఇ. హెచ్. హంట్ భువనగిరి దగ్గర రాయగిరి సమాధులను తవ్వి 1916లో వ్యాసం రాశాడు. మరుసటి ఏడు యజ్దానీ ఈ సమాధుల్లో దొరికిన కుండల మీద గీసిన గుర్తుల గురించి రాశాడు. అవి అక్షరాలా, కుమ్మరి గుర్తులా, వంశపు గుర్తులా అన్న చర్చ ఇంకా తెగలేదు. 1947లో మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో నివాసస్థలాన్నీ సమాధులనూ కలిపి తవ్వి పొరల వారీగా కాలం లెక్కగట్టాక దక్షిణాది సమాధులన్నిటికీ ఒక కొలత దొరికింది. తర్వాత కార్బన్ పరీక్షలు ఆ కాలాన్ని ఇంకా వెనక్కి జరిపాయి. కొరియాలో ఇలాంటి బల్లరాతి సమాధులకు 2000లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. తెలంగాణ నుంచి నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. గోదావరి అడవుల్లోని సమాధులకు ఆ భాగ్యం ఇంకా పట్టలేదు. పైగా గుప్తనిధులున్నాయన్న భ్రమతో కప్పుబండలు దొర్లించి, తొట్లు పగలగొట్టి చాలావాటిని పాడుచేశారు. ఆ తొట్లలో ఎముకలు, కుండపెంకులు తప్ప బంగారం ఉండదని చుట్టుపక్కల బడిపిల్లలకైనా చెప్పి ఉంటే బాగుండేది.

పోయినవాళ్ళ పేరిట రాయి నిలపడం ఆ కాలంతోనే అంతరించలేదు. గోదావరి లోయలోని కోయల్లో, ఆవల బస్తర్‌లోని గోండు తెగల్లో ఆ ఆచారం ఇటీవలి దాకా నడిచింది. అయితే ఇక్కడి ఆదివాసులకు అన్నిటికన్నా పెద్ద స్మరణ మేడారంలో జరుగుతుంది. అక్కడ సమాధి లేదు. పోరులో గాయపడిన ఆదివాసీ వీరవనిత సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి కనిపించకుండా పోయిందనీ, వెతికినవాళ్ళకు కుంకుమభరిణ మాత్రమే దొరికిందనీ చెబుతారు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి వేళకు ఆ భరిణనే గద్దె మీదికి తెస్తారు. శవం దొరకని వీరుల కోసం లక్షల మంది కలిసేది ఆ గద్దెల దగ్గరే.

కాకతీయులకు వచ్చేసరికి కథ మారుతుంది. ఓరుగల్లు ఏలిన రాజుల్లో ఒక్కరి సమాధి కూడా ఓరుగల్లులో లేదు. గోల్కొండకు పోతే కుతుబ్‌షాహీ సుల్తానుల గుమ్మటాలు వరుసగా కనిపిస్తాయి. కాకతీయులది దహనం చేసే సంప్రదాయం. వారి పేరు నిలిపినవి గుడి, చెరువు, శాసనం. రుద్రమదేవి మరణం కూడా ఒక శాసనం వల్లనే తెలిసింది. నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనంలో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, శివలోకం చేరిన రుద్రమకూ ఆమె సేనాని మల్లికార్జున నాయనికీ పుణ్యం కోసం భూమి దానం చేశాడు. అంత రాణికి గుర్తు ఒక మామూలు బంటు వేయించిన రాయి. 1323లో ఢిల్లీ సేనల అధిపతి ఉలుగ్ ఖాన్ చేతికి చిక్కిన ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుండగా దారిలో నర్మద ఒడ్డున మరణించాడని విలస తామ్రశాసనం చెబుతుంది. ఓరుగల్లు చివరి రాజు ఓరుగల్లు మట్టిలో కలవలేదు.

రాజులకు లేని గుర్తు బంట్లకు దక్కింది. యుద్ధంలోనో, ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుకునో ప్రాణం విడిచినవాడికి వీరగల్లు వేసేవారు. పలకను అడ్డంగా అరలుగా విడదీసి చెక్కడం దీని పద్ధతి. కింది అరలో వీరుడు కత్తితోనో బల్లెంతోనో పోరాడుతుంటాడు. పై అరలో అప్సరసలు అతన్ని చెరోపక్క పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. అన్నిటికన్నా పైన శివలింగం ముందు చేతులు జోడించి కూర్చుంటాడు. ఆ పైన సూర్యచంద్రులు. ఆ రెండూ ఉన్నంతకాలం ఇతని పేరు ఉంటుందని అర్థం. పేరు మాత్రం చాలా రాళ్ళ మీద చెక్కనే లేదు. కొన్ని పల్లెల్లో వీరగల్లు ఎవరిదో మరిచిపోయి దాన్నే గ్రామదేవతగా కొలుస్తున్నారు. పసుపు, బొట్టు, బోనం అందుతున్నాయి. పేరు తెలియని ఆ పశువుల కాపరికి దక్కిన గౌరవం ఏ సామంతుడికీ దక్కలేదు.

కాకతీయుల కాలంలోనే వీరశైవం ఈ నేలలో బలపడింది. ఆ మార్గంలో రచనలు చేసిన పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి ఈ ప్రాంతానిదే. లింగధారణ చేసినవాళ్ళను కాల్చరు, పూడ్చిపెడతారు. బతికుండగానే శివుడిలో కలిసినవాళ్ళ దేహాన్ని మళ్ళీ అగ్నికి ఇవ్వాల్సిన పని లేదన్నది వారి భావం. జంగాల్లో శవాన్ని పడుకోబెట్టరు. పద్మాసనం వేయించి కూర్చోబెట్టి, ఎడమచేతిలో ఇష్టలింగం ఉంచి, చుట్టూ విభూతి నింపి మట్టి కప్పుతారు. సన్యాసులకూ ఇదే మర్యాద. పూడ్చడం పేదలు, కింది కులాలే చేసే పనన్న మాట నేటి జనంలో వినిపిస్తుంది. ఆచారాల చరిత్రలో ఆ మాటకు ఆధారం లేదు. కట్టెల ఖర్చు ఒక కారణమైతే, కులాచారం, మతం, వయసు మరికొన్ని కారణాలు. పసిపిల్లలను అన్ని కులాలవాళ్ళూ పూడ్చేపెడతారు.

సమాధి చుట్టూ ఊరు పెరగడం దర్గాలతో వచ్చింది. వరంగల్ ఖాజీగా పనిచేసిన సూఫీ గురువు సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ 1856లో మరణించారు. కాజీపేటలోని ఆయన దర్గాకు ఏటా సఫర్ నెలలో ఉర్సు జరుగుతుంది. ఉత్తర దక్షిణ రైలు మార్గాలు కలిసే జంక్షన్‌గా దేశానికంతా తెలిసిన కాజీపేటకు ఆ పేరు ఖాజీల వల్లనే వచ్చింది. వరంగల్ నగరంలో మాషూఖ్ రబ్బానీ దర్గా ఉన్న పేటను జనం ఉర్సు అనే పిలుస్తారు. పక్కనున్నది ఉర్సుగుట్ట. పర్వతగిరి మండలం అన్నారంలోని యాకూబ్ షావలీ దర్గాకు వచ్చేవాళ్ళలో హిందువులు కూడా పెద్ద సంఖ్యలో ఉంటారు. పుట్టువెంట్రుకలు తీయిస్తారు, మొక్కు తీరితే యాటను కోసి కందూరు చేస్తారు. ఎల్లమ్మకు, మల్లన్నకు మొక్కినట్టే యాకూబ్ షావలీకి మొక్కుతారు. తమ కొడుకులకు యాకూబ్, కూతుళ్ళకు యాకమ్మ అని పేరు పెట్టుకున్న హిందూ ఇళ్ళు వరంగల్ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి.

మామూలు పల్లె శ్మశానానికి తెలంగాణలో అందరి నోటా ఉన్న పేరు బొందలగడ్డ. పాడె ఇంటి నుంచి లేచాక నడుమ ఒకచోట దింపుతారు. అది దింపుడు కల్లం. దగ్గరి బంధువు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. ఊపిరి ఇంకా ఉందేమో, పిలుపు వింటుందేమో అన్న ఆశకు ఆచారం ఇచ్చిన ఆఖరి అవకాశం అది. అక్కణ్ణుంచి డప్పుల వెంట బొందలగడ్డకు. బొంద ఉత్తర దక్షిణాలుగా తవ్వుతారు. శవాన్ని దింపి, కొడుకు మొదటి పిడికెడు మట్టి వేశాక అందరూ తలా ఇంత వేస్తారు. పూడ్చాక కుక్కలు, నక్కలు తోడకుండా పైన రాళ్ళు, ముళ్ళకంప పరుస్తారు. మూడోనాడు పిట్టకు పెడతారు. కాకి ముట్టేదాకా ఎదురుచూసి, ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏ కోరిక మిగిలిందోనని తమలో తాము తర్కించుకుంటారు. ఆ పైన ఏటేటా పెత్రమాసనాడు పెద్దల పేరిట బియ్యం ఇస్తారు. అదేనాటి సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. ఒకే రోజు పొద్దున పోయినవాళ్ళకు, మాపున పూలకు.

హిందువుల బొందలో తల దక్షిణానికి ఉంటుంది. ఖబరస్తాన్‌లో శవాన్ని కుడిపక్కకు తిప్పి ముఖం ఖిబ్లా వైపు ఉంచుతారు. మక్కా ఇక్కడికి పడమర దిక్కు కాబట్టి తల ఉత్తరానికి వస్తుంది. తలలు చెరోవైపు ఉన్నా గుంతలు మాత్రం రెండుచోట్లా ఉత్తర దక్షిణాలుగానే ఉంటాయి. పక్కపక్కనే ఉన్న ఊళ్ళలో ఎవరి గడ్డ ఎవరిదో తెలిపేది గోరీల కట్టుబడి, వాటి మీది రాత.

ఊరు కులాలుగా విడిపోయి ఉన్నట్టే బొందలగడ్డలూ విడిపోయాయి. బొంద తవ్వే పని, డప్పు కొట్టే పని, చావు కబురు పొరుగూళ్ళకు మోసే పని దళితుల మీద పెట్టారు. ఊరందరి చావుకూ కష్టపడ్డవాళ్ళ శవాలకు మాత్రం వేరే చోటు, చాలాసార్లు దారి కూడా లేని చోటు. వర్షాకాలంలో పొలం గట్ల మీదుగా, వాగు దాటి పాడె మోయాల్సిన స్థితి ఎన్నో వాడల్లో ఉంది. భూమి లేనివాడికి చచ్చాక కూడా ఆరడుగుల నేల కోసం ఎవరినో అడగాల్సి రావడం తెలంగాణ పల్లెకు మాయని మచ్చ.

క్రైస్తవం ఇక్కడే ఒక పెద్ద మార్పు తెచ్చింది. అమెరికన్ బాప్టిస్టులు 1879లో హనుమకొండలో మిషన్ నెలకొల్పారు. డోర్నకల్ కేంద్రంగా ఆంగ్లికన్ సంఘం విస్తరించింది. చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. వాళ్ళకు చర్చితోపాటు సొంత సమాధుల తోటలు వచ్చాయి. సమాధి మీద సిలువ, దాని కింద తెలుగు అక్షరాల్లో పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. శాసనం రాజులు, దాతలు వేయించుకునే వస్తువుగా ఉన్న నేల మీద వెట్టి చేసిన కుటుంబాల పేర్లు రాతికెక్కాయి. ఊళ్ళో తండ్రి పేరుకు రాతపూర్వకమైన ఆధారం ఆ సమాధి రాయి ఒక్కటే అయిన ఇళ్ళున్నాయి. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వి. ఎస్. అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లో మరణించారు. గుడి స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ కలిపి ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ ఆవరణలోనే ఆయన సమాధి ఉంది.

ఏటా నవంబరు 2న కథోలికులు సమాధుల పండుగ చేసుకుంటారు. ముందురోజే గడ్డి పీకి, సున్నం వేసి, సాయంత్రం పూలతో, కొవ్వొత్తులతో వస్తారు. కరీంనగర్ పట్టణంలో కొన్ని దళిత హిందూ కుటుంబాలు దీపావళిని శ్మశానంలో, తమ పెద్దల సమాధుల దగ్గరే జరుపుకుంటాయి. సమాధులు కడిగి, రంగులు వేసి, పోయినవాళ్ళకు ఇష్టమైన పిండివంటలు పెట్టి, దీపాలు వెలిగించి, పిల్లలతో కలిసి టపాకాయలు కాలుస్తారు. శ్మశానం అశుభమని పెద్ద కులాలు దూరం పెట్టిన చోటును వాళ్ళు పండుగ చోటు చేసుకున్నారు.

2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో రాష్ట్రంలోని 12,769 గ్రామ పంచాయతీల్లోనూ వైకుంఠధామం పేరుతో శ్మశానవాటిక కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. ఉపాధి హామీ నిధులతో దహన వేదికలు, స్నానాల గదులు, నీళ్ళు, కూర్చోవడానికి షెడ్డు, చుట్టూ ప్రహరీ కట్టారు. కట్టెలు తడిసే వానాకాలంలో, ఆడవాళ్ళకు బట్టలు మార్చుకునే చాటు కూడా లేని చోట అది నిజమైన మేలు. ఊరందరికీ ఒకే ధామం అన్న ఆలోచన కులాల వారీ గడ్డలకు విరుగుడు కాగలదు కూడా. అయితే నమూనా దహనం చుట్టూ అల్లినది. పూడ్చిపెట్టే కుటుంబాలకు వేదిక అక్కరలేదు, నేల కావాలి. ప్రహరీ లోపలి నేల ఒకట్రెండు తరాలకే నిండిపోతుంది. పెద్దల బొందలు పాత గడ్డలో ఉంటే కొత్త శవాన్ని ఊరి అవతలి ధామానికి తీసుకుపోవడానికి మనసొప్పదు. వరంగల్ చుట్టూ ఊళ్ళు కాలనీలుగా మారుతున్నకొద్దీ ఆ పాత గడ్డలకు రియల్ ఎస్టేట్ ధర వచ్చింది. రికార్డుల్లో హద్దులు లేని బొందలగడ్డ ముందు కుంచించుకుపోతుంది, తర్వాత దారి మూసుకుపోతుంది, చివరికి ప్లాటవుతుంది. ప్రతి ఊళ్ళో పాత గడ్డలను సర్వే చేసి, హద్దురాళ్ళు నాటి, ఏ వాడవాళ్ళు వాడుకుంటున్నారో పంచాయతీ రికార్డులో రాయించాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.